గచ్చకాయ చప్పుడు

గచ్చకాయను పైనుంచి చూసి లోపల ఏముందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. అన్నీ ఒకలాగే ఉంటాయి. బూడిదరంగు, గోళీ అంత సైజు, నున్నటి గట్టి పెంకు. కొరికి చూద్దామంటే పన్ను పోతుంది తప్ప కాయ పగలదు. అలాగని పగలగొట్టి అమ్ముదామా అంటే, పప్పు నాలుగు రోజులు తిరక్కుండా మక్కిపోతుంది. అందుకని మూలికల కొట్టులో కాయను కాయగానే అమ్ముతారు. జ్వరం వచ్చిన ఇంట్లో ఏ పూటకా పూట నిప్పుల్లో కాల్చి, పగలగొట్టి, పప్పును మిరియాలతో నూరి ఇచ్చుకుంటారు. ఆ చేదు నాలుక మీద రెండు రోజులుంటుంది. కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళాక గానీ మంచి కాయో పుచ్చిన కాయో తేలదు కాబట్టే ఆ కొట్టులో చెవి పెద్దమ్మకు అంత మర్యాద.

ఆవిడ చూడదు, వింటుంది. కాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కుడిచెవి దగ్గర రెండుసార్లు ఆడిస్తుంది. అసలు చప్పుడు లేకపోతే అది పచ్చిది, మళ్ళీ ఎండలోకి పోవాలి. టక్కుమని ఒక్క దెబ్బ వినిపిస్తే పప్పు ఎండి గట్టిపడిందన్నమాట, అది మంచిది. పుచ్చిన కాయ కూడా టక్కుమంటుంది, అక్కడే ఉంది తిరకాసంతా. ఆ టక్కు వెనకాలే సన్నగా, లోపల పొడి జారినట్టు సర్రుమని ఇంకో చప్పుడొస్తుంది. దానికి పెద్దమ్మ పెట్టిన పేరు తోక. తోక ఉన్న కాయ పొయ్యిలోకి, తోక లేనిది బుట్టలోకి. ఇరవై ఎనిమిదేళ్ళుగా కొట్టు గుమ్మం పక్కన పీట వేసుకుని, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుండగా ఆవిడ చేస్తున్న పని ఇదే. మొదట్లో వేళాకోళానికి పెట్టిన చెవి పెద్దమ్మ అన్న పేరు ఇప్పుడు పలుకుబడి అయి కూర్చుంది.

ఈ ఏడు కాయ బాగుందని పెద్దమ్మ అందరికీ చెబుతోంది. పొయ్యి బుట్టలో పట్టుమని పది కాయలు పడటం లేదు. అదొక్కటే సంతోషం. మిగతా లోకం మాత్రం ఆవిడకు నచ్చడం లేదు. ఈ మధ్య మనుషులు నోరు తెరిచి మాట్లాడటం మానేశారు, అంతా నోట్లో నోట్లోనే. అందరిలోకీ కోడలు మరీను. పెళ్ళయిన కొత్తలో ఆ పిల్ల మాట గలగలా ఉండేది, ఇప్పుడు ఏం చెప్పినా గొణుగుడే. కొట్టు యజమాని ఒక్కడే నయం, గొంతు బానలోంచి వచ్చినట్టుంటుంది.

కోడలు నాలుగేళ్ళ నుంచి అదే కొట్టులో పనిచేస్తోంది. పొద్దున్నే వచ్చి పెరటి చుట్టూ ఉన్న గచ్చపొద కత్తిరించాలి. ఆ పొదే ఆ పెరటికి కంచె, దొంగ కాదు గదా, పిల్లి కూడా దూరదు. కొమ్మలకే కాదు, కాయ మీది తొడుగుకూ ముళ్ళే. ఆకులు కోసి వాపుల మందుకు వేరే పెట్టాలి. తొడుగులు ఒలిచి కాయలు ఎండబెట్టాలి. ఆ పిల్ల ముంజేతుల మీద గీతలు లేని చోటు లేదు. రెండేళ్ళ నుంచి అత్త దగ్గర వినడం నేర్చుకుని, మధ్యాహ్నాలు తనూ ఒక బుట్ట ఏరుతోంది. ఎవరు విన్న కాయలు వాళ్ళే పన్నెండేసి చొప్పున గుడ్డ సంచుల్లో పోసి మూతి కట్టాలి. ఎవరి ముడి వాళ్ళదే. పెద్దమ్మది రెండు ముడులు, కోడలిది ఒకటి. ఇప్పటి యజమాని తండ్రి పెట్టిపోయిన పద్ధతి అది. మాట వస్తే ఎవరికి రావాలో తెలియడానికి.

ఆ బుధవారం మాట వచ్చింది.

ఎదురు వీధిలో కుట్టుపని చేసే దర్జీ ఆవిడ మెళ్ళో టేపుతోనే వచ్చేసింది. చేతిలో ఉన్న సంచిని యజమాని ముందు బోర్లించింది. ఆరు కాయలు, కాసిని పెంకులు, పెంకుల్లో కాటుకలాంటి నల్లటి పొడి.

"మా నాన్నకి మూడ్రోజులుగా జ్వరమండీ. కళ్ళజోడు లేకుండా తనే కొట్టుకుని నూరుకు తాగాడు, నేను దుకాణంలో ఉన్నాను. వచ్చేసరికి ఒకటే వాంతులు. ఈ పెంకులు చూడండి, ఇది మందా, మసా?"

యజమాని కోపమొస్తే అరవడు. ముందున్న వస్తువులు సర్దుతాడు. తక్కెడ రాళ్ళను చిన్నదాని నుంచి పెద్దదాని వరకూ వరసగా పెట్టి, అప్పుడు సంచి మూతికి వేలాడుతున్న దారం చూశాడు. ఒకటే ముడి.

"ఇదెవరిదమ్మా?" అన్నాడు.

కోడలు ఆకుల గంప కింద పెట్టి వచ్చి చూసింది. "నాదేనండి."

"నువ్వే విన్నావా?"

ఆ పిల్ల కొంచెం ఆగి, "కట్టింది నేనేనండి," అంది.

"శనివారం దాకా రా అమ్మా. ఎండుతున్న కాయలు ఒలిచేసి వెళ్ళు. ఏరడం మాత్రం ఈ క్షణం నుంచి వద్దు. ఆ తరవాత ఇంకెక్కడైనా చూసుకో."

ఇంకెక్కడైనా అంటే ఎక్కడ? ఆ బజారులో మూలికల కొట్లు మూడు. పుచ్చిన కాయ కట్టిందన్న మాట మిగతా రెంటికీ సాయంత్రానికల్లా చేరుతుంది. చెవి మీద బతికే పనిలో ఒకసారి పేరు పోతే మళ్ళీ పీట వేసి కూర్చోబెట్టేవాళ్ళుండరు.

అప్పుడైనా పెద్దమ్మ ఊరుకోవలసింది. దర్జీ ఆవిడ తనవైపే చూస్తుండటంతో కొట్టు పరువు నిలబెట్టే భారం తన మీదే ఉందనిపించింది.

"ఎన్నిసార్లు మొత్తుకున్నానో బాబూ, కంగారు పడకే, నిదానంగా వినవే అని. ఈ కాలం పిల్లలకి వినే ఓపిక ఎక్కడిది?"

కోడలు తలెత్తి అత్తవైపు ఒకసారి చూసింది. ఏదో అనబోయి, గంప ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. తనవాళ్ళైనా సరే తప్పును తప్పన్నందుకు యజమాని తల పంకించాడు. పెద్దమ్మ నడుం నిటారుగా పెట్టుకుని మరో కాయ అందుకుంది.

ఇంటికొచ్చాక కొడుకు పట్టుకున్నాడు. సిటీ బస్సు నడుపుతాడు, వాడి డ్యూటీ ఆ రోజు పొద్దుటిది. పెళ్ళాం మొహం చూడగానే సంగతి లాగేశాడు.

"నువ్వొక్క మాట చెప్పమ్మా. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషివి, నీ మాట తీసేస్తాడా ఆయన?"

"నా మాటకి విలువుండాలంటే తప్పును తప్పనాలిరా. కోడలని వెనకేసుకొస్తే రేపు నా ముడినెవడు నమ్ముతాడు?"

"అంటే నీ ముడి బాగుండాలి, మా కొంప ఏమైనా పరవాలేదు."

"ఏంటి గొణుగుతున్నావ్? నీకూ అంటుకుందా మీ ఆవిడ జబ్బు?"

కొడుకు తల పట్టుకున్నాడు. మాట్లాడుతూనే పెద్దమ్మ వంటింటి కుళాయి కింద బిందె పెట్టి వచ్చింది. అది నిండి, పొర్లి, నీళ్ళు గడప దాటి ఆవిడ కూర్చున్న చాప అంచు తడిపేదాకా అలాగే మాట్లాడుతూ ఉంది. కోడలు లేచి వెళ్ళి కుళాయి కట్టేసి, గుడ్డ తెచ్చి నేల తుడిచింది.

"చెప్పొచ్చుగా, నీళ్ళు పోతున్నాయని!" అంది పెద్దమ్మ.

"పోయింది ఒక బిందేగా అత్తయ్యా," అంది కోడలు. ఆ మాటా గొణిగినట్టే వినిపించింది పెద్దమ్మకు.

గురువారం మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళ్ళాడు. కొట్టు తలుపు ఒకటి మూసి ఉంది. కోడలు వెనక గదిలో తొడుగులు ఒలుస్తోంది. కాలి కింద తొడుగును తొక్కిపట్టి, కత్తి మొనతో నోరు తెరిచి, రెండు కాయలు రాల్చి, ముళ్ళ తొడుగును పక్కకు తోస్తోంది. వంచిన తల ఎత్తడం లేదు. ఆ మెడ చూస్తుంటే పెద్దమ్మకు ఎక్కడో చివుక్కుమంది. నిన్న కొంచెం ఎక్కువే అన్నానేమో. పోనీ, ఉన్న రెండు రోజుల్లో పని గట్టిగా నేర్పి పంపితే ఎక్కడైనా బతుకుతుంది. అలా అనుకోగానే మనసు తేలికపడింది, గొంతులో అధికారం కూడా వచ్చేసింది.

"ఇలా రా. పోయేదానివి పోతావు, పని నేర్చుకునైనా పో."

కోడలు చేతులు దులుపుకుని వచ్చి కూర్చుంది. పెద్దమ్మ తన బుట్టలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది.

"టక్. అంతే. విన్నావా? తోక లేదు. దీన్ని మంచి కాయంటారు. నువ్వు విను."

కోడలు కాయ తీసుకుని ఆడించింది. మొహంలో ఏ మార్పూ లేదు. "బాగుందత్తయ్యా."

"అలా కాదు, కొట్టి చూడు. మంచి పప్పు ఎలా ఉంటుందో కళ్ళతో కూడా చూడాలి."

"ఎందుకులెండి, నిక్షేపంలాంటి కాయ దండగ."

"నా కాయ, నా ఇష్టం," అని పెద్దమ్మే రాయి అందుకుంది. చెక్కమీద కాయ పెట్టి, జారకుండా చుట్టూ గుడ్డ చుట్టి, ఒకే దెబ్బ వేసింది. గుడ్డ విప్పితే పెంకుల మధ్య ఎండి ముడుచుకుపోయిన చిన్న ముక్క, దాని చుట్టూ నల్లటి పొడి.

పెద్దమ్మ బుట్టలోంచి ఇంకొకటి తీసింది. ఆడించింది, శ్రద్ధగా, కళ్ళు మూసుకుని. టక్. శుభ్రమైన టక్. కొట్టింది. పాలమీగడ రంగు పప్పు రెండు బద్దలుగా పడింది. హమ్మయ్య అనుకుని మూడోది తీసింది. అదీ టక్కే. కొట్టింది. నలుపు.

"నా బుట్టలోవి కలిసిపోయినట్టున్నాయి అత్తయ్యా," అంటూ కోడలు గబగబా పెంకులు కొంగులోకి ఊడ్చేసింది. "నిన్న గంప దించేటప్పుడు ఒలికాయి. అవే అయ్యుంటాయి."

పెద్దమ్మ గోడవైపు చూసింది. నిన్న ఏరడం వద్దన్న క్షణంలోనే కోడలి బుట్టను బోర్లించి గోడకు ఆనించేశారు. అది ఇంకా అలాగే ఉంది. తన బుట్టలోవి ఈ పొద్దున తను ఏరినవి.

నాలుగోది తీసి ఈసారి కోడలి చేతికిచ్చింది. "నా చెవి దగ్గర పెట్టి ఆడించు."

"అత్తయ్యా, బాబుగారొచ్చే వేళయింది."

"ఆడించవే."

గీతలు పడ్డ చెయ్యి ఆవిడ చెవి పక్కన కదిలింది. టక్, టక్. పెద్దమ్మ వింటూ కోడలి కళ్ళలోకే చూస్తోంది. ఆ కళ్ళు ఒక్క క్షణం వాలిపోయాయి. తనకు వినపడనిదేదో ఆ పిల్లకు వినపడింది. కొట్టి చూడనక్కర్లేదనిపించింది, అయినా కొట్టింది. నలుపే.

ఆవిడ లేచి పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పింది. నీళ్ళు తెల్లగా, ధారగా పడుతున్నాయి. బకెట్ అడుగున దడదడమంటున్నది వినిపిస్తోంది. కుళాయి మూతి దగ్గర చెవి పెట్టింది. అక్కడ సర్రుమనాలి. ఏ కుళాయికైనా ఆ చప్పుడుంటుంది, చిన్నప్పటి నుంచి ఉంది. చెంప మీద తుంపర పడుతోంది గానీ చప్పుడు మాత్రం లేదు. ఎడమ చెవి పెట్టి చూసింది. అక్కడా లేదు.

మనుషులెవరూ గొణగడం లేదు. ఈ ఏడు కాయ బాగుండటమూ లేదు.

తల కొట్టేసినట్టయింది ఆవిడకు. దర్జీ ఆవిడ తండ్రి గుర్తొచ్చాడు, చూడను కూడా లేదు ఆయన్ని. ఎన్ని సంచులు, ఎన్ని ఇళ్ళు, ఎంతమంది జ్వరం మనుషులు? దేవుడా! కానీ ఆ వెంటనే ఇంకో లెక్క బుర్రలోకి వచ్చింది. తన రెండు ముడుల సంచి మీద ఇంతవరకూ ఎవరూ మాట తేలేదు. వచ్చింది కోడలి ముడి మీద. అంటే ఆ పిల్లా పొరపాటు చేసిందనే కదా! ఈ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. వచ్చిన ఆలోచన పోనూ లేదు.

ఆ రాత్రి పడుకునే లోపే పెద్దమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. గొప్ప నిర్ణయమేమీ కాదు. తెల్లవారగానే ఎవరూ రాకముందే కొట్టుకు వెళ్ళాలి. వెనక అరలో ఉన్న తన సంచులన్నీ తీసి పొయ్యిలో పడెయ్యాలి. కాయలు కాలితే ముడులూ కాలిపోతాయి. ఆ తరవాత కళ్ళు సరిగా కనపడటం లేదనో, నడుం నొప్పనో చెప్పి పరువుగా పని మానేస్తే సరి.

శుక్రవారం లేచేసరికి కోడలు అప్పటికే వెళ్ళిపోయింది. ఎండ ముదిరితే ముల్లు గట్టిపడుతుందని ఆ పిల్ల రోజూ అంత పెందలాడే వెళుతుంది. పొద ఆ చివర పని చేసుకుంటూ ఉంటుందిలే, ఈ చివర నుంచి వెళితే సరి అనుకుంది పెద్దమ్మ. ముందు గుమ్మం మానేసి వెనక సందులోంచి వెళ్ళి, గంపలు పట్టేందుకు కంచెలో వదిలిన చిన్న సందులో ఒంగుని తల పెట్టింది.

పొద దగ్గర ఎవరూ లేరు. కత్తెర గోడకు తగిలించి ఉంది.

కోడలు వెనక గది గుమ్మంలో, వెలుతురుకు ఎదురుగా కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డ సంచి. మూతికి ఉన్నవి రెండు ముడులు. గోళ్ళతో ఒకటి విప్పింది, రెండోది విప్పింది. కాయలు కొంగులో పోసుకుని ఒక్కొక్కటే చెవి దగ్గర ఆడిస్తోంది. కళ్ళు మూసుకుని, తల కొంచెం కుడివైపు వంచి, అచ్చం పెద్దమ్మ నేర్పినట్టే. మూడు కాయలు పక్కన పడేసింది. డబ్బాలోంచి వేరే మూడు తీసి, విని, కలిపింది. దారం చుట్టి ఒకటే ముడి వేసింది. ముందరి అరలో పెట్టడానికి కుడివైపున పేర్చింది. ఎడమవైపు రెండు ముడుల సంచులు ఇంకా కుప్పగా ఉన్నాయి.

ఇన్నాళ్ళూ వెనక అరలో తన సంచులు తరిగిపోతుంటే, జనం తన ముడే అడిగి కొంటున్నారని పెద్దమ్మ మురిసిపోయేది. ఆ మాట ఇద్దరు ముగ్గురితో అంది కూడా.

చూడలేదన్నట్టు వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. ఒక అడుగు వెనక్కి వేసేసరికి భుజం దగ్గర చీర పట్టేసింది, జుట్టు పట్టేసింది, మోచేతి మీద చర్మం చురుక్కుమంది. గచ్చముల్లు కొక్కెంలా లోపలివైపు వంగి ఉంటుంది. దూరేవాణ్ణి దూరనిస్తుంది, వెనక్కి లాగితే మాత్రం వదలదు. పెద్దమ్మ ఇంకోసారి లాగింది. చీర పరపరా చిరిగింది. ఆవిడకు వినపడలేదు గానీ కోడలికి వినపడింది.

"అయ్యో! లాగకండి, లాగకండి," అంటూ పరుగెత్తుకొచ్చింది. అత్త చెవి దగ్గరికి వచ్చి గట్టిగా, ఒక్కో మాట విడదీసి చెప్పింది. "ముందుకు రండి. నావైపుకి. వెనక్కి కాదు."

పెద్దమ్మ ముందుకు వంగింది. ముల్లు వదిలింది. కోడలు చీర విడిపించి, జుట్టులోంచి రెమ్మ తీసి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంది. ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు, మధ్యలో సంచులు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది పెద్దమ్మ.

"ఆర్నెల్లవుతోంది."

"ఆర్నెల్లు! మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే వినపడాలిగా అత్తయ్యా!"

అనేశాక కోడలు నాలుక కరుచుకుంది. పెద్దమ్మ ఒక్క క్షణం గుడ్లప్పగించి చూసి ఫక్కున నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటుంటే ఇంకా వచ్చాయి, అవి నవ్వువి కావు.

"ఆ దర్జీ ఆవిడ సంచి?"

"ఆ రోజు మీరు ఎందుకో పెందలాడే వచ్చేశారు. గుమ్మంలో అలికిడయ్యేసరికి ఆ సంచి సగమే విన్నాను. మిగతా సగం వినకుండానే కట్టేశాను. కట్టింది నేనే కదా, తప్పు నాదే."

"ఏడిశావ్. నా ముడే నువ్వూ వేసేసి ఊరుకుంటే నీ మీదికి వచ్చేదే కాదుగా! రెండు ముడులు వెయ్యడం రాదా నీకు?"

"వచ్చు. కానీ విన్నది నేనైతే మీ ముడెలా వేస్తాను?" కోడలు తొడుగు ముళ్ళు ఒకచోటికి తోస్తూ ఆగింది. "ఆ పీట మీద కూర్చున్నప్పుడు మీ మొహం మీకు తెలీదు అత్తయ్యా. ఇంట్లో ఎప్పుడూ అలా ఉండరు. దాన్ని పోగొట్టబుద్ధి కాలేదు."

బుధవారం అందరి ముందూ తను అన్న మాటలు పెద్దమ్మకు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చాయి. క్షమించమనడం ఆవిడకు అలవాటు లేదు. కోడలి ముంజేతిని ఒళ్ళోకి తీసుకుని, కొత్తగా పడ్డ గీత మీద విరిగి ఉన్న ముల్లును గోటితో జాగ్రత్తగా తీసింది. ఆ తరవాత కూడా చెయ్యి వదల్లేదు.

యజమాని వచ్చాక ఆవిడే వెళ్ళి రెండు ముడుల సంచులు నాలుగు ఆయన ముందు పెట్టింది.

"కొట్టి చూడండి బాబూ. ఇవి నావి."

ఆయన కొట్టాడు. అయిదో కాయకి ఆగిపోయి, తక్కెడ రాళ్ళు సర్దడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ ఏదీ దాచకుండా చెప్పింది, కోడలు ఆరు నెలలుగా చేస్తున్నది కూడా. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"పెద్దమ్మా, ఈ మాట మన ముగ్గురి మధ్యే ఉండనీ. కోడల్ని తీసెయ్యనులే. వెనక గదిలో కూర్చుని తనే వింటుంది. నువ్వు ముందర నీ పీట మీద నువ్వుండు. జనం నిన్ను చూసే కొంటారు, నీ పేరు పోతే కొట్టుకి ఏం మిగులుతుంది? ఆ దర్జీ ఆవిడకి మాత్రం ఆ అమ్మాయిని తీసేస్తానని మాటిచ్చాను. ఆవిడొచ్చినప్పుడు కనపడకుండా ఉంటే చాలు."

చెడ్డవాడు కాదు, తనకు తోచిన మేలు చేశాడు. కోడలు ఊపిరి పీల్చుకుంది. "అలాగేనండి," అంది. పని నిలిచింది, ఇంకేం కావాలి? పెద్దమ్మ కూడా తలూపింది.

ఆ రోజంతా ఆవిడ పీట మీద కూర్చుని కాయలు ఆడించింది. కుడిచెవి దగ్గర రెండుసార్లు, బుట్టలోకి. దారిన పోయేవాళ్ళు నమస్కారం పెడితే తలూపింది. నిండిన బుట్టను కోడలు లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ మొదటి నుంచి విని, రెండు ముడులు వేసి తెచ్చింది. అలా వెయ్యమని యజమానే చెప్పాడు. సాయంత్రానికి పెద్దమ్మ చెయ్యి లాగేసింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ ఆ పనికి చెయ్యి నొప్పి పుట్టలేదు.

శనివారం పదకొండు గంటలకు దర్జీ ఆవిడ వచ్చింది. పాడైన సంచికి బదులు ఇంకోటి ఇస్తామని యజమాని కబురు చేశాడు. ఆవిడ సన్నటి గొంతుతో ఏదో అడిగింది. పెద్దమ్మకు మాటలు అందలేదు గానీ అందరి మొహాలూ కనపడుతున్నాయి. దర్జీ ఆవిడ వెనక గదివైపు చెయ్యి చూపించింది. యజమాని రాళ్ళు సర్దుతూ అవునన్నట్టు తలాడించాడు. దర్జీ ఆవిడ, అలాగే కావాలి అన్నట్టు మూతి బిగించింది. గుమ్మంలోకి బుట్టతో రాబోతున్న కోడలు ఆవిణ్ణి చూసి, అడుగు వెనక్కి వేసి, తలుపు చాటుకు తప్పుకుంది.

ఆ వెనక్కి వేసిన అడుగు చూశాక పెద్దమ్మకు ఇక పీట మీద కూర్చోబుద్ధి కాలేదు.

"అమ్మాయ్, ఇలా రా," అని పిలిచింది. గట్టిగానే పిలిచింది, తన గొంతు ఎంత గట్టిగా ఉంటుందో ఆవిడకు ఈ మధ్య తెలియడం లేదు. బజారులో ఇద్దరు ఆగి చూశారు.

యజమాని "పెద్దమ్మా" అన్నాడు. ఆ బాన గొంతు బాగానే వినపడింది. అయినా ఆవిడ వినపడనట్టే ఊరుకుంది. చెవుడు మొదటిసారి కొంచెం ఉపయోగపడింది.

కోడలు వచ్చి తల వంచుకుని నిలబడింది. పెద్దమ్మ దర్జీ ఆవిడ వైపు తిరిగింది.

"అమ్మా, మీ నాన్నగారు తాగిన కాయ నేను ఏరింది. ఈ పిల్ల కాదు. నా చెవులు పోయాయి. ఆర్నెల్లుగా నేను పాడుచేసిన కాయల్ని ఈ పిల్ల మళ్ళీ ఏరి మీ ఇళ్ళకి మంచివి పంపింది. దీని చేతిలోంచి తప్పిపోయినవే మీకొచ్చాయి. మొన్న మీ ముందు దీన్ని నానా మాటలూ అన్నాను. అవి నాకు తగలాల్సినవి."

దర్జీ ఆవిడ మొహం ఎర్రబడింది. అయ్యో పాపం అనలేదు. అనవలసిన అవసరం ఆవిడకు లేదు.

"మా నాన్న ఇప్పటికీ మంచం దిగలేదు. చెవి పెద్దమ్మ కూర్చున్న కొట్టని కొన్నాను నేను." ఆవిడ ఒక్కో మాటా నొక్కి చెప్పింది, అందుకని ప్రతి మాటా పెద్దమ్మకు వినపడింది.

"అవునమ్మా," అంది పెద్దమ్మ. ఆవిడ పీట మీంచి లేచి, దాన్ని కాలితో కొంచెం ముందుకు, వెలుతురులోకి జరిపింది. "కూర్చోవే."

కోడలు యజమాని వైపు చూసింది. ఆయన రాళ్ళు సర్దడం మానేసి పెద్దమ్మ వైపే చూస్తున్నాడు. వద్దనలేదు. ఆ పిల్ల కూర్చుంది.

"నా ఎదురుగా ఏరమనండి," అంది దర్జీ ఆవిడ.

కోడలు మొదటి కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. బుట్టలో వేసింది. రెండోది పొయ్యిలోకి. మూడోది, నాలుగోది బుట్టలోకి. అయిదో కాయకి చేతికి రోజూ ఉండే వేగం వచ్చేసింది. పెద్దమ్మ పక్కన నేలమీద చతికిలపడి చెవులు వదిలేసి కోడలి మొహమే చూస్తోంది. తోక వినపడ్డప్పుడల్లా ఆ కనుబొమ్మ ఒక్కటి సన్నగా ముడిపడుతోంది. ఇన్నేళ్ళూ తన కనుబొమ్మా అలాగే ముడిపడేదేమో, ఎవరూ చెప్పలేదు.

పన్నెండు కాయలు అయ్యాక దర్జీ ఆవిడ వాటిలోంచి తనకు నచ్చిన కాయ ఒకటి తీసి పెద్దమ్మ చేతిలో పెట్టింది. పెద్దమ్మ గుడ్డ చుట్టి కొట్టింది. విప్పింది. పాలమీగడ రంగు పప్పు, నిండుగా. దర్జీ ఆవిడ దాన్ని వేలితో తిప్పి చూసి, ఇంకొకటి ఏరమన్నట్టు బుట్ట వైపు చూసింది. కోడలు ఏరి పన్నెండోది కలిపింది.

"ఇకనుంచి ఈ అమ్మాయి ఏరినవే ఇవ్వండి నాకు," అంది దర్జీ ఆవిడ యజమానితో.

సంచిలో కాయలు పోసి కోడలు దారం కోసం వెతుకుతుంటే, పెద్దమ్మ చెయ్యి చాపి సంచి తీసుకుంది. కూర్చున్నచోటే మూతి బిగించి, దారం మూడు చుట్లు చుట్టి, వేళ్ళ అలవాటుకొద్దీ రెండు ముడులు వేసేసింది. ఇవ్వబోయి, సంచి వైపు చూసుకుంది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, గోటితో తడిమి, పైనున్న ముడి విప్పింది. ఒక్క ముడి ఉన్న సంచిని దర్జీ ఆవిడ చేతిలో పెట్టింది.